పొగ పైకి పోయిన పొయ్యి

ఈ పొద్దున బజారు నుంచి ఇంటిదాకా ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చాను. రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. దారిలో పాత స్నేహితుడు కనిపిస్తే నడుస్తూనే కబుర్లు చెప్పాను. ఇందులో గొప్పేముంది అని మీకనిపిస్తే మీ ఊపిరి బాగుందన్నమాట, సంతోషం. నాకైతే ఇంటికొచ్చి సంచులు దించాక గంతులేయాలనిపించింది. పోయిన చలికాలంలో ఇదే దారిలో ఒక దుకాణం మెట్టు మీద కూలబడి, మంచినీళ్లు కావాలని అడగడానికి కూడా గాలి చాలక చేత్తో సైగ చేసినవాణ్ణి నేను.

మా వరస ఇళ్లలో ఎవరికి దగ్గు పట్టుకున్నా ఈ మధ్య నా దగ్గరికే పంపిస్తున్నారు. నేను డాక్టర్ని కాదు. మందుల గురించి నాకేమీ తెలియదు. నాకు జరిగింది మాత్రం తెలుసు. అడిగిన ప్రతివాళ్లకీ మొదటినుంచీ చెప్పుకొస్తుంటే పొద్దు గడిచిపోతోంది. అందుకే రాస్తున్నాను. రాస్తే నా గుండెలో మిగిలిన భయం కూడా కొంత దిగుతుందేమోనని ఒక ఆశ.

నా పేరు అప్పన్న. కలకత్తాలో లోకల్ రైలెక్కి ఆఖరి స్టేషన్లో దిగితే బడ్జ్ బడ్జ్. గంగ ఒడ్డున జూటుమిల్లులు, వాటి పక్కన కిరసనాయిలు, పెట్రోలు నిలవచేసే నూనె డిపో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి మిల్లులో చేరాడు, తర్వాత మా నాన్న, తర్వాత నేను. మిల్లు కూలీలకిచ్చిన వరస ఇళ్లనే మేము లైను అంటాం. ఒక గది, ఒక వసారా. నేను నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నది కూడా ఆ లైనులోని బడిలోనే.

నా భార్య పైడమ్మ మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వస్తుంది. మాతోపాటు ఆమె తండ్రి, మా మావయ్య పోలయ్య ఉంటాడు. చూపు బాగా తగ్గింది, నాలుక మాత్రం తగ్గలేదు.

కిందటేడు మిల్లుకు తాళం పడింది. గేటు ముందు ఎర్రజెండాలు, రోజూ మీటింగులు, ఊరేగింపులు. మొదట్లో నేనూ వెళ్లి నినాదాలిచ్చాను. నెలలు గడిచినా తాళం తియ్యలేదు. పైడమ్మ పనికెళ్లి, ఎండలో తిరిగొచ్చి, మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటుంటే నేను వసారాలో కూర్చుని చూడటం నా వల్ల కాలేదు. ఒకరోజు ఆమె వచ్చేసరికి అన్నం, చేపల పులుసు వండి పెట్టాను. మావయ్య రెండోసారి వడ్డించుకుని, "అల్లుడా, ఇన్నాళ్లూ మిల్లులో నీ సెయ్యి పాడైపోనాదిరా" అన్నాడు. అప్పటినుంచి వంట నాది.

పూజల ముందు

మాకున్నది బకెట్టు ఉనున్. ఇనప బకెట్టు లోపల మట్టి మెత్తి, మధ్యలో ఊచలు పెట్టిన పొయ్యిని ఇక్కడ అలా అంటారు. అది బొగ్గు కోసం చేసింది. మిల్లు మూతపడ్డాక బొగ్గు కొనలేక కట్టెలకు దిగాం. గంగలో కొట్టుకొచ్చిన కొమ్మలు, విరిగిన పెట్టెల చెక్కలు, ఏది దొరికితే అది. పక్కనే అంత పెద్ద నూనె డిపో ఉన్నా మా వాటా కిరసనాయిలు రేషను షాపు క్యూలోనే, అది దీపాలకే సరిపోయేది. గ్యాసు సంగతి అడగకండి, పేరు రాయించుకుని ఏళ్లు ఎదురుచూడాలి.

బొగ్గు పొయ్యిలో కట్టెలు వేస్తే ఏమవుతుంది? పొగ. వానాకాలం ఉనున్ను గదిలోకి తెచ్చేవాణ్ణి. తడి కట్టె బుసలు కొట్టేది. నేను ఒంగి ఊదేవాణ్ణి. ఊది, పొగ మింగి, మళ్లీ ఊదేవాణ్ణి.

మొదట దగ్గు. దసరా పూజ పందిళ్లకు వెదుళ్లు పాతే రోజులకల్లా నడిస్తే ఆయాసం. పందిళ్ల దీపాలు చూద్దామని పైడమ్మ తీసుకెళ్తే సగం దారిలోనే నిలబడిపోయాను. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది. గాలి లోపలికి వెళ్తోంది గానీ బయటికి రావడం లేదు. డప్పులు మోగుతున్నాయి, జనం నవ్వుకుంటూ పోతున్నారు, నేను స్తంభం పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"ఏటైంది మావా? ఏటలగైపోతన్నావు?" అంది పైడమ్మ.

"ఏటీ నేదు, జనం ఎక్కువైపోనారు, అంతే" అన్నాను. అంత మాట పూర్తి చెయ్యడానికి రెండుసార్లు ఆగాను.

చలికాలం

కలకత్తాలో ఊపిరితిత్తుల ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు బాబు నెమ్మదైన మనిషి. వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. రోజుకు ఎన్ని బీడీలు కాలుస్తావు అని అడిగాడు. ఒక్కటీ లేదన్నాను. మిల్లులో నార దుమ్మా అన్నాడు. అవునన్నాను. "మిల్లు మూతపడి ఇన్ని నెలలైందంటున్నావు కదా. దుమ్ము ఆగాక తగ్గాలి గానీ పెరగడమేమిటి?" అన్నాడు.

చెప్పడానికి నా దగ్గర జవాబు ఉందని నాకే తెలియదు. ఇంట్లో వండుతున్నానన్న సంగతి లైను దాటి బయట ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మగవాడు పొయ్యి ఊదుతాడని డాక్టరుతో ఎలా చెప్తాం? ఆ సిగ్గు మాటున అసలు సంగతి దాక్కుంది.

ఇంటికి వచ్చాక పైడమ్మ నా చొక్కా జేబులు వెతికింది. "నిజం సెప్పు మావా. నా ఎనక బీడీలు తాగుతన్నావు కదూ? డాక్టరు ఊరికే అడుగుతాడేటి?"

"నీ మీద ఒట్టే."

"నా మీద ఒట్టెట్టకు, నాను బతకాలి" అని మొహం తిప్పుకుంది. కొన్ని రోజులు మా మధ్య మాటలు సరిగా లేవు. జబ్బు కంటే ఆ అనుమానం ఎక్కువ నొప్పి పెట్టింది.

మూడోసారి ఆసుపత్రికి ఒక్కణ్ణే వెళ్లాను. పొడుగాటి బల్లలు, గోడ మీద ఎప్పుడో వేసిన సున్నం, చంటిపిల్లల ఏడుపు. ఆ బల్ల మీద నేను తప్ప అందరూ ఆడవాళ్లే. నా పక్కన పెద్దావిడ, తెల్లచీర, చేతిలో మరమరాల పొట్లం. అందరూ ఆమెను మాలతీ మాసీ అంటున్నారు. మాసీ అంటే పిన్ని. కాలేజీ కుర్రాళ్ల మెస్సులో వంటావిడట. ఆమె నా వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది, ముక్కు ఎగబీల్చింది.

"ఇవాళ ఏం వండావు నాయనా?" అంది బెంగాలీలో.

నేను ఉలిక్కిపడ్డాను. "నేనా? నేను మిల్లు మనిషిని."

"మిల్లు మనిషికి ముంజేతి మీద వెంట్రుకలు ఎందుకు కాలతాయి? ఇదిగో నా చెయ్యి చూడు." తన ముంజేతిని నా చేతి పక్కన పెట్టింది. రెండూ ఒకేలా నున్నగా ఉన్నాయి. "నీ చొక్కా నిండా పొయ్యి వాసన. సిగ్గెందుకు? ఈ బల్ల మీద అందరం ఆ పొగే తిని వచ్చినవాళ్లమే."

బల్ల మీది ఆడవాళ్లందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే వాళ్లందరూ ఒకేసారి నా వీపు తట్టడానికి లేచారు. మాసీ మరమరాలు నా దోసిట్లో పోసి, "లోపలికెళ్లి చెప్పు. సిగ్గు దాచుకున్నవాడికి మందు ఎవరిస్తారు?" అంది.

చెప్పాను. డాక్టరు బాబు కలం కింద పెట్టాడు. "ఇన్నిసార్లు వచ్చావు, ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు బాబూ."

ఆయన నవ్వేశాడు. "నిజమే, అడగలేదు. ఆడవాళ్లయితే మొదటే అడుగుతాను." తర్వాత నవ్వు ఆపి, నా ఊపిరితిత్తుల్లో పాడైనది కొంత ఇక బాగుపడదనీ, మిగిలినదాన్నైనా కాపాడుకోవాలంటే పొగ ఆగి తీరాలనీ చెప్పాడు. ఇలాగే ఇంకో వానాకాలం గడిస్తే మంచం దిగలేవన్నాడు. అయినా బయటికి వస్తుంటే, చెప్పుకోవడం విచిత్రమే గానీ, సంతోషంగా ఉంది. శత్రువు పేరు తెలిసింది. అది బీడీ కాదు, తెలియని పురుగు కాదు. అది మా ఇంట్లో మూల కూర్చున్న బకెట్టు.

పైడమ్మకు చెప్తే ఏడ్చింది. అనుమానపడినందుకు ఏడ్చిందో భయంతో ఏడ్చిందో నేను అడగలేదు. కళ్లు తుడుచుకుని బకెట్టు తన ముందుకు లాక్కుంది. "ఇంక నువ్వు దీని దగ్గరికొస్తే కాళ్లిరగ్గొడతాను. ఎల్లి వసారాలో కూకో."

మర్నాటి నుంచి రోడ్లు ఊడ్చి వచ్చి ఆమే వండింది. నేను వసారాలో శాలువా కప్పుకుని కూర్చున్నాను. లోపలినుంచి ఊదుతున్న చప్పుడు, తర్వాత దగ్గు. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. నాది మొదట్లో అచ్చం అలాగే ఉండేది. కొన్నాళ్లు విన్నాను. ఒకరోజు లేచి లోపలికెళ్లి మరుగుతున్న కుండ దించేశాను.

"ఏటి సేత్తన్నావు? బుద్ధుందేటి?" అని అరిచింది.

"నా వంతు పొగ నువ్వు మింగుతన్నావు. రేపు ఆ బల్ల మీద నువ్వు కూకుంటావు. అప్పుడెవరు వండాలి? మీ అయ్యా?"

"మరేటి సెయ్యమంటావు? పచ్చి బియ్యం తినీసి బతుకుదామా?"

మంచం మీంచి మావయ్య అన్నాడు: "పొయ్యి మార్సండ్రా. మనుసుల్ని మారిస్తే పొగ తగ్గుద్దేటి?"

చలి తగ్గాక

ఇక్కడినుంచి నాకు రాయడం కష్టంగా లేదు, చెయ్యి పరుగెడుతోంది.

ముందు గంగ అవతల టికియాపారా వెళ్లాను. అక్కడి రైల్వే క్వార్టర్లలో మా బంధువులున్నారు, చుట్టూ ఇనప పనివాళ్లున్నారు. రేకు పొయ్యి ఒకటి చూపించారు. చిన్నది, తేలిక, మంట చురుగ్గా ఉంది, పొగ మా బకెట్టు కంటే తక్కువే. కానీ వచ్చే పొగ గదిలోకే వస్తోంది, బయటికి దారి లేదు. పైగా గంగ గాలికి రేకు ఎన్నాళ్లు నిలుస్తుంది? దాన్ని వదిలేసి, ఊచలతో ఒక మంచి ఇనప జల్లెడ మాత్రం చేయించుకుని తెచ్చాను. ఎందుకంటే ఆ పొయ్యిలో కట్టెలు నేల మీద కాక ఊచల మీద ఉన్నాయి, కిందినుంచి గాలి వెళ్తోంది, మంట పసుపుపచ్చగా నిలబడుతోంది. అది నా మనసులో నాటుకుంది.

ఆసుపత్రిలో మళ్లీ మాలతీ మాసీ కలిసింది. తనకు మెస్సులో పొగ తప్పకపోయినా వాళ్ల ఊరి ఆడవాళ్లు గొట్టం పొయ్యిలు కట్టుకోవడం నేర్చుకున్నారనీ, వచ్చి చూడమనీ అంది. పైడమ్మ సెలవు రోజున ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

మాసీ వంటింట్లో నేను మొదట పొయ్యిని చూడలేదు, గోడను చూశాను. పొయ్యి వెనక గోడ తెల్లగా ఉంది! సున్నం వేసి ఏడాది దాటిందంది. మా ఇంట్లో ఆ గోడ మీద వేలు పెడితే వేలు నల్లబడుతుంది. పైడమ్మ వెళ్లి ఆ గోడను అరచేత్తో రుద్దింది. చెయ్యి తిప్పి చూసుకుంది. నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

మట్టి పొయ్యే. ముందు ఒక చిన్న నోరు, పైన రెండు కన్నాలు. మొదటి కుండ కింద మంట, ఆ వేడి లోపలి దారిగుండా రెండో కుండ కిందికి పోయి, అక్కడినుంచి కాల్చిన మట్టి గొట్టంలోంచి కప్పు మీదికి. నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. నోరు ఇంత చిన్నదెందుకు? పెద్దదైతే పెద్ద కట్టెలు కుక్కుతావు, అవి సరిగా మండవు. కన్నాలు ఇంత సరిగ్గా ఎందుకు? కుండ బిగుతుగా కూర్చోకపోతే సందులోంచి పొగ వస్తుంది, నీ కుండలు తెచ్చి కొలత పెట్టి కట్టాలి. పగిలితే? నీ చేతులు లేవా, మట్టి లేదా? ఆ ఆఖరి మాటతో నేను నిశ్చయించుకున్నాను. నా చేత్తో బాగుచేసుకోగల పొయ్యే నాకు కావాలి.

మాసీ ఒక ఆదివారం వచ్చింది. గంగ ఒడ్డు బంకమట్టి, ఊక, పేడ కలిపి పైడమ్మ కాళ్లతో తొక్కింది. నాకు దుమ్ము తగలకూడదని దూరంగా కూర్చోబెట్టారు, అక్కడినుంచే నేను కేకలు పెట్టాను. టికియాపారా జల్లెడ అడుగున పెట్టించాను. కప్పు మీద ఒక పెంకు తీసి గొట్టం నిలబెట్టాం. మావయ్యకు ఇదంతా నచ్చలేదు. "పొగ తగలని పులుసుకి రుసేటుంటాది? నాను తినను" అని మంచం మీదే భీష్మించాడు.

ఆరనివ్వాలి, తొందరపడొద్దు అని మాసీ హెచ్చరించి వెళ్లింది. నేను పొద్దున లేచి మొదట పొయ్యినే చూసేవాణ్ణి. సన్న పగుళ్లు కనిపిస్తే తడిమట్టి వేలితో పూసేవాణ్ణి. చివరికి ఒక మధ్యాహ్నం పైడమ్మ పని నుంచి వచ్చాక వెలిగించాం. నన్ను గుమ్మం అవతలే నిలబెట్టింది.

పొగ పొయ్యి నోట్లోంచి వెనక్కి గదిలోకి వచ్చింది. పైడమ్మ దగ్గుతూ బయటికి పరిగెత్తుకొచ్చింది. ఇన్నాళ్ల పని, ఇంత ఆశ! పక్కింటి కాంతమ్మ గుమ్మంలోంచి, "మొగోడు కట్టించిన పొయ్యి మరి, అలాగే ఉంటాది" అంది.

మాసీ చెప్పిన ఒక మాట అప్పుడు గుర్తొచ్చింది. చల్లగా ఉన్న గొట్టం పొగను పీల్చదు, ముందు దాన్ని వేడెక్కించాలి. "పైడీ! ఎనక కన్నంలో కాయితం ముట్టించు, గొట్టం మొదట్లో!" అని అరిచాను. ఆమె పాత పేపరు ఉండచుట్టి అంటించి రెండో కన్నంలో పడేసింది. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత చిన్న హోరు. గదిలో తేలుతున్న పొగ నెమ్మదిగా పొయ్యి నోటి వైపు తిరిగింది, లోపలికి పోయింది! మంట లోపలికి వంగింది. కట్టెలు చిటపటమన్నాయి.

"పోతన్నాది మావా! లోపలికి పోతన్నాది!"

నేను వసారా దిగి వీధిలోకి వెళ్లి కప్పు వైపు చూశాను. గొట్టం మీంచి పొగ, మా పొగ, ఆకాశంలోకి పోతోంది. లైనంతా బయటికొచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. మావయ్య కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఏటి, ఏటౌతన్నాది? నాకూ సెప్పండ్రా!" అని కేకలేశాడు. ఆ రోజు పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. రుచి గురించి ఎవరూ అడగలేదు.

ఎండలు

ఇంత సంబరంలో ఒక పెద్ద తప్పు దొర్లింది. ఇది చదివేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

నాకు ఆయాసం బాగా తగ్గింది. పైడమ్మను బతిమాలి మళ్లీ వంట తీసుకున్నాను. గంగ ఒడ్డున పాత పడవ ఒకటి విప్పుతుంటే దాని చెక్కలు ఊరికే ఇచ్చారు. ఎండిన చెక్కలే, చక్కగా అంటుకున్నాయి. వాటికి తారు పూసి ఉందని చూశాను గానీ పట్టించుకోలేదు. గొట్టం ఉంది కదా అనుకున్నాను. కుండ దించగానే ఆ కన్నంలోంచి నల్లటి ఘాటు నేరుగా నా ముఖానికి కొట్టింది.

ఊపిరికి తాళం పడిపోయింది. అంతకుముందు ఎన్నడూ అలా కాలేదు. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను, అంతవరకే గుర్తుంది. గొట్టం పొగ తన కిటికీలోకి వస్తోందని వారం ముందే నాతో పెద్ద గొడవ పెట్టుకున్న కాంతమ్మే నన్ను మొదట చూసింది. అరిచి జనాన్ని పోగేసింది, బండి రిక్షా మీద పడుకోబెట్టించింది, ఒకర్ని పైడమ్మ ఊడ్చే వీధికి తరిమింది. మేము ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ మా మావయ్యకు అన్నం పెట్టింది కూడా ఆమే.

కళ్లు తెరిస్తే ముక్కు మీద గాలి గొట్టం, చుట్టూ తెల్లకోట్లు. పైడమ్మ పని బట్టల్లోనే ఉంది, చేతులకు రోడ్డు దుమ్ము. చచ్చిపోతానని నాకు నిశ్చయంగా అనిపించింది. ఆమె నా చెయ్యి తన ఛాతీ మీద పెట్టుకుంది.

"నాతో పాటు పీల్సు మావా. నాను పీల్సినప్పుడు నువ్వూ పీల్సు. ఇదిగో... ఇప్పుడు ఒదిలీ. బేగి కాదు, నిమ్మళంగా."

ఆమె ఛాతీ లేచినప్పుడు పీల్చాను, దిగినప్పుడు వదిలాను. మధ్యలో ఎక్కడో ఆమెకు ఏడుపొచ్చి ఊపిరి తడబడింది, నాదీ తడబడింది. "ఏడవకే, నాకు లెక్క తప్పిపోతన్నాది" అన్నాను. మాట వచ్చింది! ఏడుస్తూనే నవ్వింది. నర్సు కూడా నవ్వింది. అప్పుడే అనుకున్నాను, గట్టెక్కుతానని.

డాక్టరు బాబు తిట్టలేదు. "పొయ్యి మంచిదే. నువ్వు దానికేం తినిపిస్తావన్నది కూడా చూసుకోవాలి" అన్నాడు. అప్పటినుంచి రంగు వేసిన చెక్క, తారు చెక్క, ప్లాస్టిక్ మా గుమ్మం తొక్కవు. ఇంటికొచ్చాక మొదటి పని కాంతమ్మ కిటికీ సంగతి చూశాం. మా గొట్టం కప్పు నడినెత్తి కంటే కిందే ఆగిపోయింది, అందుకే గంగ గాలి పొగను కిందికి తోస్తోంది. ఇంకో మట్టి గొట్టం పైన కలిపి, వాన పడకుండా టోపీ పెట్టాం. ఆమె కిటికీ తెరిచి చూసి, "ఇప్పుడు బాగున్నాది అప్పన్న బావా. నాకూ ఒకటి కట్టించీరాదూ?" అంది.

వానలు

మావాళ్లందరికీ నేను పదేపదే చెప్పేది కట్టె గురించే. వైశాఖం గాలివానలకు విరిగిన కొమ్మలు తెచ్చి, బొటనవేలంత లావుకు చీల్చి, ఎండలో పేర్చి, వానలకు ముందే మంచాల కింద నింపేశాను. మావయ్య మంచం కట్టెల మీదే లేచి నిలబడిందని లైనులో హాస్యం. రెండు చెక్కలు తీసి ఒకదాంతో ఒకటి కొడితే కంగుమనాలి. దబ్‌మంటే ఇంకా తడే, పక్కన పెట్టాలి. ఒకేసారి నోటి నిండా కుక్కకూడదు, కాలుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా లోపలికి జరపాలి. రోజూ జల్లెడ కింద బూడిద తియ్యాలి, లేకపోతే గాలి ఆడదు. పొయ్యిదీ నాదీ ఒకటే జబ్బు, గాలి ఆడితే ఇద్దరం బాగుంటాం.

ఆషాఢంలో ఒకరోజు పొగ మళ్లీ గదిలోకి వచ్చింది. కట్టెలు ఎండినవే, కాగితం ముట్టించినా గొట్టం లాగలేదు. పొగ చూసీ చూడగానే ఛాతీ బిగుసుకుంది. అది జబ్బో భయమో తెలియలేదు. పైడమ్మ నీళ్లు చల్లి మంట ఆర్పేసి, నన్ను వసారాలో కూర్చోబెట్టి, చీర కొంగు ముక్కుకు కట్టుకుంది. నిచ్చెనేసుకుని కప్పెక్కి టోపీ తీసి చూసి, "మసి మావా! పేరుకుపోయి గొట్టం సన్నమైపోనాది, ఏలు కూడా దూరదు!" అంది.

దేనితో తియ్యాలి? నాకు వెంటనే తట్టింది. ఇరవై ఏళ్లు నార పట్టినవాణ్ణి! ఇంట్లో పాత గోనె నార ఉంది. దాన్ని పిడికిలంత ముద్దగా బిగించి తాడు మధ్యలో కట్టాను. ఒక కొస పైన ఆమె చేతిలో, ఇంకో కొస కింద పక్కింటి కాంతమ్మ చేతిలో. వాళ్లు పైకీ కిందికీ లాగుతుంటే మసి జలజలా రాలింది. కాంతమ్మ ముఖం నల్లబడిపోయి కళ్లొక్కటే కనిపించాయి. వసారాలోంచి నేను పడీపడీ నవ్వాను. నవ్వి, నవ్వి, ఆగాను. దగ్గు రాలేదు! "పైడీ, నాకు దగ్గు రాలేదే!" అని కప్పు మీదికి కేకేశాను. నెలకోసారి గొట్టం లాగడం అప్పటినుంచి మా ఇంట్లో ఒక పండగ.

మిల్లు గేటు తెరిచారు. నార దుమ్ము లేని చోట, గోనెలు లెక్కపెట్టే పని అడిగి తీసుకున్నాను, సాయంత్రం షిఫ్టు. డాక్టరు బాబు పోయినసారి వీపు మీద గొట్టం పెట్టి విని, "పోయినది రాదు అప్పన్నా. ఉన్నది బాగా పనిచేస్తోంది" అన్నాడు. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే. చలిగాలికి జాగ్రత్తగా ఉంటాను. మందులు మానలేదు. మీరూ మానకండి.

నిన్న మధ్యాహ్నం కుండపోత. పైడమ్మ తడిసి ముద్దై వచ్చింది. గాలివాన లోపలికి కొడుతోందని తలుపు వేసేశాను, కిటికీ కూడా వేశాను. పొడిచీర కట్టుకుని వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది, వెచ్చగా ఉందని. వీధిలో నీళ్లు మోకాలి దాకా వచ్చాయని, చీపురు కొట్టుకుపోతే దాని వెనక పరిగెత్తానని ఏదో చెప్తోంది. నేను ముందు కన్నం మీద పులుసు, వెనక కన్నం మీద అన్నం చూసుకుంటూ ఊ కొడుతున్నాను. కాసేపటికి మాట వినబడలేదు. తిరిగి చూస్తే గోడకు తల ఆనించి నిద్రపోయింది.

తలుపు మూసి ఉంది. పొయ్యి మండుతోంది. ఆమె నోరు కొంచెం తెరుచుకుని హాయిగా ఊపిరి తీస్తోంది. నేను గరిటె పక్కన పెట్టి ఆ ఊపిరి చూస్తూ కూర్చున్నాను. లోపలికి, బయటికి. ఎక్కడా ఆటంకం లేదు.

మంచం మీంచి మావయ్య, "అల్లుడా, ఉడికిందేటిరా?" అన్నాడు.

"ఉడికింది మావయ్యా. నెమ్మదిగా మాటాడు, పైడి పడుకుంది."

"పొయ్యి కాడా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"పొయ్యి కాడే" అన్నాను.